వెదురుగుంట నీళ్ళు

దోమపిల్లల్ని తినే చేపను కాలువలో వదలడం పుణ్యమో పాపమో వరదప్పకు ఏళ్ళ తరబడి తేలలేదు. చేపకు బతుకునిస్తున్నాడు, అది నిజమే. కాని ఆ చేప బతికేది నీళ్ళలో తలకిందులుగా వేలాడే దోమపిల్లల్ని మింగే. ఆ పురుగుకు మాత్రం ప్రాణం పోసింది గోవిందుడు కాడా? ఊరంతా జ్వరాలతో మూలుగుతుంటే దోమల మీద జాలేమిటని తనకు తానే చెప్పుకునేవాడు. చెప్పుకున్నంతసేపూ బాగానే ఉండేది. శనివారం ఒక్కపొద్దు నాడు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, సందేహం మళ్ళీ వచ్చి పక్కన కూర్చునేది.

భజన మందిరంలో శ్రీనివాసప్పను ఒకసారి అడిగాడు. శ్రీనివాసప్పకు కృష్ణగిరి పేటలో పూల అంగడి ఉంది. భజనకు పెద్ద కూడా ఆయనే.

"నీకు జీతమిచ్చేది ఎవురప్పా?" అన్నాడు శ్రీనివాసప్ప.

"సర్కారు."

"అయితే పాపం కూడా సర్కారుకే వదిలెయ్యి. నువ్వు తాళం సరిగ్గా వెయ్యి, చాలు."

అందరూ నవ్వారు. వరదప్ప కూడా నవ్వి తాళం అందుకున్నాడు. ఆ తర్వాత తనకు తోచిన దారి తాను చూసుకున్నాడు. చేపల్ని వదిలిన ప్రతిసారీ 'గోవిందా' అని గుప్పెడు బొరుగులు నీళ్ళ మీద చల్లేవాడు. ఈ ఊళ్ళో ఆ చేప తినే మొదటి ముద్ద ప్రాణమున్నది కాకుండా ఉంటే చాలనుకున్నాడు. అంతకు మించి అతనికేమీ తోచలేదు.

మామిడికాయలు ఇంకా చెట్ల మీదే ఉన్న రోజులు. ఆ శనివారం వరదప్ప హోసూరు నుంచి బస్సులో వస్తున్నాడు. హోసూరు దగ్గర సర్కారు తొట్టెల్లో ఈ చేపల్ని పెంచుతారు. సముద్రాల అవతలి సీమ నుంచి తెచ్చిన జాతి అని ఆఫీసులో చెప్పుకునేవారు. చిటికెన వేలిలో సగం ఉండవు. నీళ్ళ పైపైనే తిరుగుతూ, దోమపిల్ల కనబడితే నోరు పైకెత్తి గుటుక్కున మింగుతాయి. వాటిని ఊరికి చేర్చడమే వరదప్ప పని.

బస్సు వెనక సీటులో రెండు రేకు క్యాన్లు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ రెండింటిలో ముంచి నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నాడు. చెయ్యి ఆగితే నీళ్ళు నిలవవుతాయి, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మోచేతుల దాకా తడిసి, భుజాలు లాగుతున్నా ఆపలేదు.

"ఏమి వరదప్పా, పసిబిడ్డకు నీళ్ళు పోస్తా ఉండావా?" అన్నాడు కండక్టరు.

"బిడ్డయితే ఏడ్చి అడుగుతాది. ఇవి అడగవు గదప్పా."

సూళగిరిలో బస్సు ఆగినప్పుడు దిగి, టీ అంగడి తొట్టిలో నీళ్ళు చెంబుతో తెచ్చి కొంచెం కొంచెంగా కలిపాడు. కొత్త నీళ్ళు ఒక్కసారిగా పోస్తే చేప బిగుసుకుపోతుంది. తను మాత్రం గుక్కెడు టీ కూడా తాగలేదు. ఒక్కపొద్దు.

కృష్ణగిరిలో దిగి, కావడికి రెండు క్యాన్లూ తగిలించుకుని ఊరికాలువ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. చెరువు తూము మూసి ఉండడంతో కాలువలో పారుదల లేదు. సన్నగా జాలు వస్తోంది, అంతే. మెట్ల కింద మాత్రం మడుగులా నీళ్ళు నిలిచాయి. మెట్ల మీద ఆడవాళ్ళు తట్టలతో నిలబడి ఉన్నారు. బొరుగులు, బెల్లం, రాగిసంగటి ముద్దలు, దొన్నెల్లో ఆముదం దీపాలు. ముందు వరసలో వరదప్ప భార్య మునిలక్ష్మమ్మ ఉంది.

ఇది మొదట్లో లేదు. భక్తిపరుడైన వరదప్ప చేపలకు బొరుగులు చల్లడం వీధి చూసింది. సర్కారు చేప అయితేనేమి, చేప రూపం స్వామి ఎత్తిన రూపమే గదా అనుకుంది. ఎవరింట్లోనో జ్వరం తగ్గింది. వాళ్ళు సంగటి వేశారు. చూసి పక్కింటివాళ్ళు దీపం వదిలారు. ఇప్పుడు ప్రతి శనివారమూ ఇదొక మొక్కుబడి అయిపోయింది. పనిలో దిగులుగా ఉన్న రోజుల్లో ఆ దీపాలను చూస్తే వరదప్పకు మనసు నిండేది. తన చిన్న ఉద్యోగానికి దేవుడి వాసన పట్టినట్టు ఉండేది.

కాని ఈ రోజు మెట్ల దగ్గర నవ్వులు లేవు. ఒడ్డున మునుపు వదిలిన చేపలు తెల్లగా వెల్లకిలా తేలి ఉన్నాయి. పైన గట్టు మీద వరదప్ప పై అధికారి, హెల్త్ ఇన్స్పెక్టరు రామకృష్ణప్ప చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన శ్రీనివాసప్ప.

"చూసినావా?" అన్నాడు ఇన్స్పెక్టరు. "నువ్వు తెచ్చేది, అవి చచ్చేది. మళ్ళా తెచ్చేది, మళ్ళా చచ్చేది. దోమలేమో కల్యాణం చేసుకుంటా ఉండాయి. పైనోళ్ళు నన్ను అడగరా?"

"ఏమో సార్, హోసూరులో ఒక్కటి కూడా చావలేదు. దోవలోనూ చావలేదు."

"నీళ్ళు చూడు సార్, కషాయం మాదిరి ఉండాయి," అన్నాడు శ్రీనివాసప్ప. "పైన ఆ మేదర కెంపమ్మ గుంట ఉండాది. అందులో వెదుర్లు నానేసి కుళ్ళబెడతాది. ఆ నీళ్ళే కదా ఈడికి దిగేది? ఈడ మేము దేవుడికి దీపం పెడతా ఉంటే, ఆడ ఆమె విషం వదలతా ఉండాది."

ఆడవాళ్ళు అవునవునన్నారు. వరదప్ప కూడా నీళ్ళ వైపు చూశాడు. నిజంగానే గోధుమరంగులో ఉన్నాయి. తను కూడా తల ఊపాడు.

"మంగళవారం కూలోళ్ళు వస్తారు, గుంట పూడ్చేస్తారు," అన్నాడు ఇన్స్పెక్టరు. "నువ్వే పోయి ఆమెకు చెప్పు. ఒక క్యాను ఈ పొద్దు వదులు. రెండోది గుంట పూడ్చినాక వదలచ్చు."

వరదప్ప మెట్లు దిగాడు. క్యానులోకి కాలువ నీళ్ళు చెంబెడు చెంబెడు కలిపాడు. చేపలు అలవాటు పడేదాకా ఓపిగ్గా కూర్చుని, తర్వాత క్యాను నెమ్మదిగా వంచాడు. ఒడిలోంచి బొరుగులు తీసి చల్లాడు. వెనక నుంచి సంగటి ముద్దలు టపటపా నీళ్ళలో పడ్డాయి. దొన్నెలు తేలుతూ పోయి ఒకదాని మీద ఒకటి ఒరిగాయి.

కెంపమ్మ ఇల్లు కాలువకు పైభాగంలో ఉంది. ఇంటి ముందు కాలువ పక్కగా తవ్విన పొడవాటి గుంట. అందులో డెంకణికోట కొండల నుంచి బండి మీద వచ్చిన ఎండు వెదుర్లు మునిగి ఉన్నాయి. రాళ్ళు బరువు పెట్టారు. కెంపమ్మ కానుగ నీడలో కూర్చుని, వెదురుబద్దను కాలి బొటనవేలి సందున బిగించి, కత్తితో పొర తీస్తోంది. కత్తి కదలడం లేదు. బద్దే కదులుతోంది. పొర సన్నగా రిబ్బనులా చుట్టుకుంటూ ఒడిలో పడుతోంది.

"ఏమి వరదప్పా, పిల్లల్ని కావడిలో ఎత్తుకొని ఇట్ల వచ్చినావు?"

వరదప్ప కావడి దించాడు. దారంతా మాటలు కూడబెట్టుకున్నాడు గాని నోట్లోంచి సూటిగానే వచ్చింది.

"మంగళవారం గుంట పూడుస్తారంట, కెంపమ్మా."

బద్ద ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఎవురు?"

"ఆఫీసోళ్ళు."

"ఆఫీసోళ్ళంటే నువ్వే గదప్పా."

వరదప్ప వంగి క్యాను మూత సరిచేశాడు.

"మామిడికి బుట్టలు కావల్లని మండీ సాహుకారికి మాటిచ్చినాను," అంది ఆమె. "వెదురు ఎండుది. నానకపోతే వంచగానే పటుక్కుమంటాది. గుంట లేకుండా నేను యాడ నానబెట్టల్ల? నోట్లోనా?"

"నీళ్ళు పాడయిపోతా ఉండాయంట. చేపలు చస్తా ఉండాయి."

"ఈ గుంట తవ్వినోడు మా మామ. నీ చేపలు ఈ ఊరికి వచ్చింది నిన్న గాక మొన్న. ఊరు మాది కాదు, కాలవ మాది కాదు, పోనీ. చేప గూడా మాకన్నా ముందు వచ్చినట్టు మాట్లాడతా ఉండారే." కోపంగా అనలేదు. అలవాటైన అలసటతో అంది. తర్వాత బద్దను వెలుతురుకెత్తి చూస్తూ, "మీ వంటింటి తడిక ఇంకా నిలిచిందా?" అని అడిగింది.

"నిలిచింది."

"దాని ముయ్యి గూడా నిలిచే ఉండాది," అని నవ్వింది.

వరదప్పకు చెవులు వేడెక్కాయి. ఒక గాలివానకు వాళ్ళ వంటింటి గోడ కూలినప్పుడు కెంపమ్మ వచ్చి పొద్దుటి నుంచి దీపం పెట్టేదాకా కూర్చుని తడిక అల్లింది. డబ్బు తీసుకోలేదు. ముయ్యి పెట్టుకోమంది. ఒక రోజు పనికి ఒక రోజు పని. అది డబ్బుతో తీరేది కాదు, వడ్డీ ఎక్కేదీ కాదు. చేతులతో వచ్చి చేస్తేనే తీరుతుంది. సేద్యగాళ్ళు ఒకరి చేలో ఒకరు అలా తీర్చుకుంటూనే ఉంటారు. కాని మేదర వాకిట్లో కూర్చుని వెదురు చీల్చడానికి వరదప్ప పోలేదు. మొదట తీరిక లేదనుకున్నాడు. తర్వాత ఇంట్లో ఏమంటారో అనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాడు.

మిగిలిన క్యాను ఆఫీసులో పెడదామంటే ఈ పాటికి తాళం వేసి ఉంటుంది. ఇల్లు ఊరికి ఆ చివర. ఎండలో క్యాను మోస్తే చేపలు ఉడికిపోతాయి. "రేపు పొద్దున వచ్చి తీసుకుంటాను, నీడలో ఉండనీ," అన్నాడు.

"గుంట పూడ్చేదానికి ముందు నీ చేపలకు నన్ను కాపలా గూడా పెట్టినావా?" అంది కెంపమ్మ. కాని లేచి క్యానును తానే కానుగ మొదట్లోకి జరిపింది.

ఆదివారం పొద్దున వరదప్ప వచ్చి క్యానులోకి వంగి చూసి అదిరిపడ్డాడు. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి.

"ఏం చేసినావు కెంపమ్మా? ఏ నీళ్ళు పోసినావు?"

"నువ్వు పోయినాక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచినాయి. క్యాను కాగిపోయి ఉండాది. సగం పారబోసి వేరే నీళ్ళు పోసినా."

"ఏ నీళ్ళు?"

"యాడివి పోస్తాను? గుంటవే."

వరదప్ప క్యాను ముందు గొంతుకూర్చున్నాడు. హోసూరు నుంచి చేతులు నానిపోయేలా చిలకరిస్తూ తెచ్చిన చేపలు. ఇన్స్పెక్టరుకు ఏం చెప్పాలి? చేతిని ముంచాడు. చల్లగా ఉంది. వేలి చుట్టూ ఏదో మెత్తగా తగిలి తప్పుకుంది. ఇంకొకటి. నీళ్ళు రంగుగా ఉన్నాయే గాని మురికిగా లేవు. కొంచెం దోసిట్లో ఎత్తి చూశాడు. దోసిట్లో ఒక చేప తోక ఊపుతూ గిరగిరా తిరిగింది.

"బతికే ఉండాయే," అన్నాడు.

"చచ్చిపోయినాయని ఎవురన్నారు? మా మేక దినామూ ఆ నీళ్ళే తాగతాది. అది చచ్చిందా?"

వరదప్ప లేచి, కాలువ గట్టు వెంబడి మెట్ల దాకా నడిచాడు. ఎవరూ లేరు. నిన్న వదిలిన చేపలు మడుగు అంచున కుప్పగా తేలుతున్నాయి. ఒకటి రెండు ఇంకా ప్రాణంతో ఉన్నాయి. పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి, మూసుకుంటున్నాయి. వరదప్ప మెట్టు మీద కూర్చుని చూపుడువేలు నీళ్ళ మీద గీశాడు. వేలు జారింది. నీళ్ళ మీద నూనె పొర, నెమలి కంఠంలా మెరుస్తోంది. దీపాల ఆముదం. పొర కింద చెయ్యి పెట్టి అడుగు తడిమాడు. ఉబ్బిన సంగటి, పులిసిన బొరుగులు గుజ్జుగుజ్జుగా వేళ్ళ సందున వచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు కంపు. నూనె పొర అంచున, గడ్డి మొదట్లో, దోమపిల్లలు తలకిందులుగా నిశ్చింతగా వేలాడుతున్నాయి. కడుపు నిండిన చేప వాటి జోలికి పోలేదు. ఆ తర్వాత పోదామన్నా ఊపిరి మిగల్లేదు.

పారుదల ఉన్న రోజుల్లో ఇవన్నీ కొట్టుకుపోయేవి. ఇప్పుడు పోవడానికి దారి లేదు. కెంపమ్మ గుంట నీళ్ళు రంగు మాత్రమే తెచ్చాయి. ఈ కంపు మెట్ల మీది నుంచి దిగింది.

వరదప్ప చెయ్యి కడుక్కున్నాడు. ఎంత కడిగినా పోలేదు. మొదటి గుప్పెడు చల్లింది ఈ చెయ్యే.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు మునిలక్ష్మమ్మ సంగటి కెలుకుతోంది. తెడ్డు ఆపకుండానే విన్నది.

"నేను పెట్టిన సంగటి తిని చచ్చినాయంటావా?"

"తిని కాదు. తినగా మిగిలింది కుళ్ళి."

"నువ్వు చల్లిన బొరుగులు కుళ్ళలేదా?"

"అవీ కుళ్ళినాయి."

తెడ్డు ఆగింది. వాదించడానికి సిద్ధమైన మనిషికి వాదం దొరకనట్టు ఆమె మొగుడి ముఖం వైపు చూసింది.

"ఇన్ని దినాలు పెట్టింది దేవుడికి చేరలేదా అయితే?" అంది చివరికి.

"అది నాకు తెలీదు. చేపకు మాత్రం చేరిపోయింది."

మునిలక్ష్మమ్మ మళ్ళీ తెడ్డు తిప్పసాగింది.

సోమవారం వరదప్ప ఆఫీసులో ఇన్స్పెక్టరు బల్ల ముందు నిలబడ్డాడు. క్యాను కూడా వెంట తెచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. గుంట నీళ్ళలో చేపలు మొన్నటి నుంచీ బతికున్నాయని, కావాలంటే చూడమని క్యాను మూత తీశాడు. రామకృష్ణప్ప లేచి చూడలేదు. సిగరెట్టు వెలిగించుకున్నాడు.

"బొరుగుల సంగతి నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు నెమ్మదిగా.

వరదప్పకు అర్థం కాలేదు.

"ముక్కుండేవాడికి ఎవుడికైనా తెలుస్తాది అప్పా. ఆ మెట్ల దగ్గర కంపు వెదురు కంపా? ఓట్లు వస్తా ఉండాయి. వీధిలో ఆడోళ్ళని దేవుడికి దీపం పెట్టొద్దని ఎవురు చెప్పల్ల? నేనా? మరునాడే నన్ను యాడికో ఎత్తేస్తారు. గుంట ఒకటి పూడిస్తే పని జరిగినట్టు కనపడతాది. అడిగేవాడు ఎవుడూ లేడు."

"కెంపమ్మ అడగతాది సార్."

"ఆమె అడిగితే ఎవురికి వినపడతాది?" అన్నాడు ఇన్స్పెక్టరు. కసిరి చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా చెప్పాడు. "రేపు నువ్వు గూడా పార తీసుకొని రా."

తెలియనివాడికి చెప్పవచ్చు. తెలిసినవాడికి ఏం చెప్పాలో వరదప్పకు తోచలేదు. క్యాను మూత పెట్టుకుని బయటికి వచ్చాడు.

పూల అంగట్లో శ్రీనివాసప్ప కనకాంబరాలు కడుతున్నాడు. వేళ్ళు ఆపకుండా వరదప్ప చెప్పిందంతా విన్నాడు.

"మంచిది. నువ్వు చెప్పిందే నిజం అనుకుందాం. నేర్పింది ఎవురు? నువ్వు. ఇప్పుడు మానుకోమని చెప్పేది ఎవురు? నువ్వు. దేవుడు మాట మార్చినాడంటారా, వరదప్ప మార్చినాడంటారా?"

"నేనే తప్పు చేసినాను అని చెప్పుకుంటాను."

"చెప్పుకో. అప్పుడు తప్పు చేసినోడి మాట ఎవురు వింటారు?" శ్రీనివాసప్ప దారం పళ్ళతో తెంపాడు. "ఆ కెంపమ్మ నీకేమైనా చుట్టమా?"

వరదప్ప అక్కణ్ణుంచి మెట్ల దగ్గరికి పోయాడు. వీధి చివర ఇంటి పిల్లమ్మ తట్టతో దిగుతోంది. శనివారం కాకపోయినా ఆమె కోడలికి జ్వరమట. వరదప్ప అడ్డంగా నిలబడ్డాడు.

"పిల్లమ్మా, నీళ్ళలో వెయ్యొద్దు. కుళ్ళి చేపలు చస్తా ఉండాయి. చేపలు చస్తే దోమలు, దోమలుంటే జ్వరం. జ్వరం పోవల్లని జ్వరాన్నే మేపతా ఉండాము."

"పెద్ద ఆఫీసరు మాదిరి మాట్లాడతా ఉండావే," అంది పిల్లమ్మ. "వెయ్యకుండా పోతే నా కోడలికి ఏమన్నా అయితే నువ్వు వచ్చి చూస్తావా? జరుగు సామీ."

అతను జరగలేదు. ఆమె అతని పక్క నుంచి చెయ్యి చాచి సంగటి ముద్దను నీళ్ళలోకి విసిరింది. దీపం దొన్నెను మాత్రం భద్రంగా వదిలి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. నీళ్ళ మీద మరికొంచెం నూనె వలయాలుగా పాకడం చూస్తూ వరదప్ప నిలబడిపోయాడు. ఆమె దణ్ణంలో కపటం లేదు. తిట్టడానికి కూడా లేకపోయింది.

మంగళవారం తెల్లవారగానే వరదప్ప ఖాకీ చొక్కా వేసుకోలేదు. పాత పంచె ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టి కెంపమ్మ వాకిట్లోకి వచ్చాడు. చేతిలో పార లేదు. ఆమె వెదుర్ల మధ్య కూర్చుని ఉంది. నానినవీ నాననివీ వేరు చేస్తోంది. రాత్రంతా నిద్ర పోలేదని ముఖమే చెబుతోంది.

"పూడ్చేదానికి వచ్చినావా?"

"ముయ్యికి వచ్చినాను."

ఆమె కత్తి కింద పెట్టింది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఏం పని ఉంటే అది చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను. కూలోళ్ళు వచ్చే లోపల వెదుర్లు పైకి తియ్యల్ల. మా తోటలో కపిల బావి ఉండాది. దాని రాతితొట్టి పొడుగు. అందులో నానేద్దాం."

"మీ ఇంట్లో ఆమె ఒప్పుకుంటాదా?"

"అడగలేదు," అన్నాడు వరదప్ప.

గుంటలోకి దిగాడు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. బరువు రాళ్ళు ఎత్తి గట్టున పెట్టాడు. నానిన వెదురు పట్టుకుంటే జారుతోంది. పైన పాకుడు. రెండు చేతులతో వాటేసుకుని పైకి నెడితే కెంపమ్మ కొస అందుకుని లాగింది. కొన్ని కట్టలు కట్టి, ఒక్కొక్క కట్ట ముందు కొస అతని భుజం మీద, వెనక కొస ఆమె తలచుట్ట మీద, ఊరి మధ్య నుంచి నడిచారు. గోధుమరంగు నీళ్ళు అతని వీపు మీదుగా కారి దారి పొడుగునా చారలు పడ్డాయి.

వాకిళ్ళలో ముగ్గులేస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పూల అంగడి ముందు శ్రీనివాసప్ప నీళ్ళు చల్లుతున్నాడు.

"ఏమి వరదప్పా, సర్కారు పని మాని మేదర పనికి కుదిరినావా?"

"ముయ్యి ఉండాది శ్రీనివాసప్పా. చానా దినాలది."

ముయ్యి తీర్చేవాడిని దారిలో ఆపకూడదు. అది శ్రీనివాసప్పకూ తెలుసు. నీళ్ళ చెంబు పట్టుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

కపిల తొట్టి దగ్గర మునిలక్ష్మమ్మ పూజ సామాను తోముతోంది. కంచు గంట, హారతి పళ్ళెం, రాగి చెంబు అన్నీ తొట్టి గట్టు మీద వరసగా ఎండకు పెట్టి ఉన్నాయి. కట్ట మోసుకుని వచ్చిన ఇద్దరినీ ఆమె చూసింది. కారుతున్న నీళ్ళను చూసింది. వరదప్ప చెప్పాల్సింది ఆదివారమే చెప్పేశాడు. భుజం మండుతోంది. కెంపమ్మ వెనక్కి పోదామన్నట్టు కట్టను కొంచెం లాగింది.

మునిలక్ష్మమ్మ లేచింది. గంటను, పళ్ళేన్ని, చెంబును ఒక్కొక్కటిగా తీసి కొంగులో వేసుకుని ఇంట్లో పెట్టి వచ్చింది. తొట్టి గట్టు ఖాళీ అయింది.

"కొస ఇట్ల తిప్పండి," అంది. "గోడకు తగలతాది."

కట్టలన్నీ చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. వరదప్ప ఆఫీసు నుంచి తెచ్చిపెట్టుకున్న చేపల క్యానును కూడా అదే తొట్టిలోకి నెమ్మదిగా వంచాడు. చేపలు వెదుర్ల సందుల్లోకి దూరిపోయాయి.

"వాటికి ఏమీ వెయ్యవా?" అని అడిగింది మునిలక్ష్మమ్మ.

"వాటికి కావల్సింది తొట్టిలోనే ఉండాది," అన్నాడు. సందేహం పోయిందని కాదు. దాన్ని బొరుగులతో కప్పిపెట్టడం మాత్రం ఇక చేతకాదనిపించింది.

వాళ్ళు తిరిగి వెళ్ళేసరికి కూలివాళ్ళు ఖాళీ గుంటలోకి మన్ను తోస్తున్నారు. ఇన్స్పెక్టరు గొడుగు కింద నిలబడ్డాడు. తడిసి, పాకుడు పట్టి ఉన్న వరదప్పను పై నుంచి కింద దాకా చూశాడు.

"డ్యూటీకి రాలేదే?"

"ఈ పొద్దు లీవు సార్."

"ఎవురిచ్చినారు?"

"మీరు ఇయ్యకపోతే జీతం కోసుకోండి సార్."

రామకృష్ణప్ప గుంట వైపు, ఖాళీ గట్టు వైపు చూసి, గొడుగు మార్చి పట్టుకున్నాడు. "కోస్తాను," అన్నాడు. ఆ మాట అంత గట్టిగా వినిపించలేదు. మధ్యాహ్నానికి గుంట నేలతో సమానమైంది. కింద మెట్ల దగ్గర ఎవరో గోవింద కొట్టారు. అది చేపల కోసమో గుంట పోయినందుకో తెలియలేదు. వచ్చే శనివారం అక్కడ మళ్ళీ దీపాలు వెలుగుతాయి. తను హోసూరు నుంచి మళ్ళీ క్యాన్లు మోసుకొస్తాడు. ఆ చేపలు మళ్ళీ తేలుతాయి. అప్పుడు చూపడానికి గుంట ఉండదు. ఎవరిని చూపుతారో చూడాలి.

కూలివాళ్ళు పోయాక కెంపమ్మ, "ఇంక పో అప్పా, అన్నం తిను," అంది.

"పొద్దు గుంకలేదు గదా," అని వరదప్ప కానుగ కింద కూర్చున్నాడు. "నువ్వు దీపం పెట్టేదాకా చేసినావు."

ఆమె నానిన బద్ద ఒకటి ఇచ్చింది. వరదప్ప దాన్ని బొటనవేలి సందున బిగించి కత్తి ఆనించాడు. బద్ద కదలాల్సింది పోయి కత్తి కదిలింది. పొర మధ్యలో తెగింది. ఇంకొకటి తీసుకున్నాడు. అది లావుగా ఒకచోట, పల్చగా ఒకచోట వచ్చింది. మూడోదానికి వేలు తెగింది. కెంపమ్మ పసుపు తెచ్చి అద్దింది. అతను పాడు చేసిన బద్దలను పక్కకు తీసుకుని, తన కాలి సందున బిగించి, మళ్ళీ నున్నగా తీసింది. ఆ మధ్యాహ్నమంతా అతను చేసింది ఆమె సరిచేయడానికే సరిపోయింది.

నీడలు కాలువ దాటి పోయాయి. కెంపమ్మ లేచి, లోపలికి పోయి, గూట్లో దీపం వెలిగించింది. ఆ వెలుతురు వాకిట్లోకి పడింది.

"చాలులే వరదప్పా," అంది గడపలో నిలబడి. "తీరిపోయింది."

చేతిలో ఉన్న బద్దకు ఇంకా జానెడు పొర మిగిలి ఉంది. వరదప్ప అది కూడా చివరిదాకా లాగి, కత్తి కింద పెట్టి, లేచి పంచె దులుపుకున్నాడు.